ఆర్‌ఎక్స్ 100 ప్లగ్ ఏ రంగులో ఉండాలి?

సౌండ్ పెరుగుతుందని నాన్న ఆర్‌ఎక్స్ 100కి ఎయిర్ ఫిల్టర్ తీసేశా. రెండో రోజే చల్లపల్లి నుంచి మోపిదేవి వెళ్తుంటే వెనక చక్రం బిగుసుకుపోయింది. వెంటనే క్లచ్ పట్టా కాబట్టి పడలేదు. విప్పితే పిస్టన్ నిండా గీతలు!

1985–96 మధ్య మన దేశంలో తయారైన ఈ యమహా 98 సీసీ టూ స్ట్రోక్ బండి. ఇందులో పిస్టన్‌కి ఆయిల్ పెట్రోల్‌తో పాటే వెళ్లాలి. మా బండికి ఆయిల్ పంపు ఎప్పుడో తీసేశారు, లీటరు పెట్రోల్‌కి 30 మి.లీ. టూటీ ఆయిల్ కలిపి పోస్తాం. ఫిల్టర్ లేకపోతే గాలి ఎక్కువ, జెట్ మాత్రం పాతదే. పెట్రోల్ చాలక ఇంజిన్ వేడెక్కింది. పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గినట్టే కదా, అది నాకు తట్టలేదు.

బోరింగ్ చేయించి కొత్త పిస్టన్ వేశాం, ఫిల్టర్ మళ్లీ పెట్టేశా. మీరు ఫిల్టరో సైలెన్సరో మారిస్తే మాత్రం ప్లగ్ చూడండి. ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు వెళ్లి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేయాలి. చల్లారాక ప్లగ్ విప్పాలి. తెల్లగా ఉంటే పెట్రోల్ చాలట్లేదు, మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. నల్లగా, తడిగా ఉంటే ఎక్కువైంది. బిస్కెట్ రంగులో ఉంటే కరెక్ట్.

నాన్న ఇంకా తాళం ఇవ్వట్లేదు. ప్లగ్ మాత్రం ప్రతి ఆదివారం నాతోనే విప్పిస్తున్నారు.