సిగ్నల్ ఫుల్.. నెట్ డల్!

ఫోన్‌లో గీతలన్నీ నిండుగానే ఉంటాయి. రీల్ మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఎందుకిలా?

గీతలు చెప్పేది సిగ్నల్ బలాన్నే. టవర్‌ని ఎంతమంది పంచుకుంటున్నారో చెప్పవు. ఎర్రుపాలెం లాంటి చోటైనా రాత్రిపూట అందరూ ఒకేసారి వీడియోలు పెడితే ఒక్కొక్కరి వాటా తగ్గిపోతుంది. అయినా కాల్ మాట్లాడగలం. ఎందుకంటే వోల్టీ కాల్స్‌కి నెట్‌వర్క్ ముందు దారిస్తుంది, వీడియోలు వెనక క్యూలో ఆగుతాయి.

అందుకే పరీక్ష ఫీజు, అప్లికేషన్ లాంటివి రద్దీ లేని తెల్లవారుజామునే కానిచ్చేయండి.

అసలు నెట్‌వర్కే పోతే? ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం జిల్లాలో సేవలు 24 గంటలకు మించి ఆగితే పోస్ట్‌పెయిడ్‌కి బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్‌కి వ్యాలిడిటీ పెంపు ఇవ్వాలి. ఫిర్యాదు నంబర్ దాచుకోండి. పని జరగకపోతే కంపెనీలోనే అప్పీలు చేసుకోవచ్చు. అడగడం మన హక్కు!