పాట, ఆటల ద్వారా ఆంగ్లభాషా బోధన: కొరియా అనుభవం, కృష్ణా డెల్టా తరగతి గది

1. ఉపోద్ఘాతం

దక్షిణ కొరియా ప్రాథమిక పాఠశాలల్లో 1997లో ఆంగ్లం మూడవ తరగతి నుండి తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఏటా ఒక్కొక్క తరగతికి విస్తరిస్తూ 2000 నాటికి ఆరవ తరగతికి చేరింది. వ్యాకరణ సూత్రాలతో కాక వినడం, మాట్లాడడంతో బోధన ప్రారంభించడం, పాటలను, లయబద్ధమైన పలుకులను, ఆటలను పాఠంలో భాగం చేయడం ఆ ప్రణాళిక ప్రత్యేకత. భారతదేశంలో జాతీయ విద్యాప్రణాళికా చట్రం – 2005 కూడా పిల్లల చుట్టూ అర్థవంతమైన భాష సమృద్ధిగా ఉండాలనే చెప్పింది.

ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం చర్చ ఎక్కువగా బోధనా మాధ్యమం చుట్టూ తిరిగింది. ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ 2019 నవంబరులో వెలువడిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. అటుపై ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మాధ్యమం ఏదైనా ఆంగ్లాన్ని ఒక భాషగా ఎలా నేర్పాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇంట్లో ఆంగ్లం వినిపించని బిడ్డకు తరగతి గదిలో దొరికే కొద్ది సమయమే ఆధారం. ఆ సమయం ఎలా గడుస్తుందన్నది ఆ బిడ్డ చదువును నిర్ణయించే విషయం.

పాటలు, ఆటలు పిల్లలకు ఇష్టం కనుక వాటిని వాడాలన్న సమర్థన చాలదు. ఈ రెండూ చేసే పనులు వేరు. పాట భాష లయను చెవికి అలవాటు చేస్తుంది. ఆట మాట్లాడవలసిన అవసరాన్ని కల్పిస్తుంది. ఈ భేదాన్ని గుర్తించనప్పుడు రెండూ కంఠస్థంగానే మిగులుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. అదనపు అచ్చు

కొరియన్ భాష ద్రావిడ కుటుంబానికి చెందినది కాదు. అయినా ఆంగ్లపదాన్ని స్వీకరించే తీరులో అది తెలుగుకు ఒక విషయంలో దగ్గరగా ఉంటుంది. ఆంగ్లంలో ‘బస్’ హల్లుతో ముగిసే ఏకాక్షర పదం. కొరియన్‌లో దాని చివర పెదవులు గుండ్రం కాని, ‘ఉ’కు సమీపంగా వినిపించే అచ్చు చేరుతుంది. ఆంగ్లంలో ఒకే అక్షరమైన ‘స్ట్రైక్’, హల్లుల నడుమ కూడా ఇటువంటి అచ్చులు చేరడంతో, కొరియన్ నోట ఐదు అక్షరాలవుతుంది.

తెలుగు అజంత భాష. సంస్కృత పదాల పరిచయం వల్ల పదాది సంయుక్తాక్షరాలు తెలుగువారికి కొరియన్లకున్నంత కష్టం కావు. పదాంతంలో మాత్రం ఉకారం చేరుతుంది. హ్రస్వం తరువాతి హల్లు సాధారణంగా ద్విత్వమవుతుంది. చక్కెర కర్మాగారంతో పేరుపొందిన ఉయ్యూరు ప్రాంతపు బిడ్డ బడికి రాకముందే బస్సు, బిల్లు, టన్ను, రోడ్డు, ట్రాక్టరు, లారీ వంటి మాటలు ఎరిగి ఉంటాడు. ఇవి ఇప్పుడు తెలుగు మాటలే. వాటిని తప్పుగా పరిగణించనక్కరలేదు. ఆంగ్ల వాక్యంలోకి కూడా ఇదే ఉచ్చారణ వచ్చినప్పుడు అక్షరాల సంఖ్య పెరిగి వాక్యపు లయ మారిపోతుంది. అక్షరక్రమం చూసి చదివే బిడ్డ ఈ మార్పును గమనించలేడు. రాతకు ముందు వినికిడి ఎందుకు రావాలన్న ప్రశ్నకు ఇక్కడ ఒక భాషాశాస్త్ర కారణం దొరుకుతుంది.

3. మాత్ర, ఊనిక

తెలుగు పద్యానికి, పాటకు ఆధారం కాలపరిమాణం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. త్రిశ్ర, చతురస్ర, ఖండ, మిశ్ర గతులన్నీ ఈ మాత్రల లెక్కపై నడుస్తాయి. ఆంగ్ల బాలగేయం నడక వేరు. అందులో సాధారణంగా స్థిరంగా ఉండేది ఊనికల సంఖ్య; రెండు ఊనికల నడుమ వచ్చే అక్షరాల సంఖ్య మారవచ్చు. ఊనిక లేని అక్షరాలు కుదించుకుపోతాయి.

ఉదాహరణకు ‘మెన్ కట్ కేన్’ అనే వాక్యంలో మూడు అక్షరాలు, మూడు ఊనికలు ఉన్నాయి. ‘ద మెన్ కట్ ద కేన్’ అన్నప్పుడు అక్షరాలు ఐదు. ‘ద మెన్ విల్ కట్ ద కేన్’ అన్నప్పుడు ఆరు. చప్పట్లు మాత్రం మూడింటిలోనూ మూడే. చప్పట్ల వేగం మార్చకుండా ఈ మూడు వాక్యాలను వరుసగా పలికిస్తే, ‘ద’, ‘విల్’ వంటి మాటలు ఎంత తేలికగా పలకాలో సూత్రం చెప్పకుండానే పిల్లలకు తెలుస్తుంది. లయబద్ధమైన పలుకులను బోధనోపకరణంగా ప్రచారంలోకి తెచ్చిన కెరొలిన్ గ్రాహమ్ ‘జాజ్ చాంట్స్’ 1978లో వెలువడింది. కొరియా పాఠాల్లో కనిపించే పలుకుల పద్ధతీ ఇటువంటిదే.

తరగతిలో తరచు జరిగేది దీనికి భిన్నం. ఆంగ్ల గేయాన్ని ఉపాధ్యాయుడు ఒక్కొక్క అక్షరానికి సమానమైన కాలమిచ్చి, ఎక్కాలు చెప్పించినట్లు చెప్పిస్తాడు. పిల్లలు బృందంగా వల్లిస్తారు. పదాలు ఆంగ్లానివైనా నడక ఎక్కాలదే. అప్పుడు పాట తాను చేయగల ముఖ్యమైన పనినే కోల్పోతుంది.

4. ఆట: తెలియని సమాధానం

పాట ఎంత చక్కగా సాగినా అందులో పిల్లలు తమ సొంత మాట చెప్పరు. ఆ లోటు తీర్చేది ఆట. ఉపాధ్యాయుడు కలం ఎత్తి చూపి ‘ఇది ఏమిటి?’ అని ఆంగ్లంలో అడిగినప్పుడు సమాధానం అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. అది పరీక్షే తప్ప సంభాషణ కాదు. ఆటలో ఒకరికి తెలిసినది మరొకరికి తెలియదు. తెలుసుకోవడానికి అడగక తప్పదు.

ఇందుకు పరాయి ఆటలు వెతకనక్కరలేదు. వీరి వీరి గుమ్మడిపండులో కళ్ళు మూసుకున్న బిడ్డ, చూపిన బిడ్డ పేరు ఊహించి చెప్పాలి. పేరు చెప్పేముందు మూడు ప్రశ్నలు అడగవచ్చునన్న ఒక్క నియమం చేరిస్తే అది భాషాపాఠమవుతుంది: ‘ఈజ్ షి టాల్?’, ‘ఈజ్ షి ఇన్ క్లాస్ త్రీ?’, ‘డజ్ షి కమ్ బై బస్?’. తక్కిన పిల్లలు ‘యెస్’, ‘నో’ అంటూ పాల్గొంటారు. నియమాలను తెలుగులో వివరించడం దోషం కాదు. ఆట నడిచేటప్పటి ప్రశ్నలు ఆంగ్లంలో ఉంటే చాలు.

ఈ ఆలోచనకు దక్షిణ భారతంలోనే ఒక పూర్వరంగం ఉంది. ఎన్.ఎస్. ప్రభు 1979 నుండి 1984 వరకు బెంగుళూరు, మద్రాసు తదితర ప్రాంతాల పాఠశాలల్లో నిర్వహించిన ప్రయోగం, విద్యార్థి దృష్టి అర్థంపై నిలిచినప్పుడు వ్యాకరణం క్రమంగా అలవడుతుందన్న భావనపై ఆధారపడింది. ఆ తరగతులు సమస్యాపరిష్కారాన్ని సాధనంగా తీసుకున్నాయి. ఆట అదే సూత్రాన్ని చిన్న వయసుకు అందిస్తుంది.

5. ఆచరణలో పరిమితులు

విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. అంటే ఇద్దరు ఐదు తరగతులు నడపవలసిన బడులు ఉంటాయి. అటువంటి చోట ఒకే ఆటను భిన్న స్థాయులలో ఆడించవచ్చు. ఒకటవ తరగతి బిడ్డ పేరు మాత్రమే చెబితే, నాలుగవ తరగతి బిడ్డ పూర్తి ప్రశ్న అడుగుతాడు. చిన్నవారు పెద్దవారి ప్రశ్నలు వింటూ నేర్చుకుంటారు.

అంతకన్నా కఠినమైన పరిమితి మూల్యాంకనం. పై తరగతుల పరీక్షలు ప్రధానంగా రాత పరీక్షలు. కొరియాలోనూ పై చదువుల ప్రవేశపరీక్ష ఒత్తిడి పిల్లలను ప్రైవేటు శిక్షణకేంద్రాల వైపు నడిపించింది. విన్నదానిని, అడిగినదానిని లెక్కలోకి తీసుకోని పరీక్ష ఉన్నంతకాలం పాట, ఆట పాఠం పూర్తయ్యాక మిగిలిన కాలానికే పరిమితమవుతాయి. ఉపాధ్యాయుడు ఆట సాగుతుండగానే ఎవరు ప్రశ్న అడిగారో, ఎవరు అర్థం చేసుకొని స్పందించారో నమోదు చేసుకోగలిగితే ఆటకు పాఠ్యస్థానం లభిస్తుంది.

6. ముగింపు

కొరియా అనుభవం నుండి స్వీకరించదగినది వారి పాటల జాబితా కాదు, రాతకు ముందు చెవిని సిద్ధం చేసే క్రమం. తెలుగు బిడ్డకు ఊనికల లయ కొత్త. ఆట మాత్రం కొత్త కాదు. కొత్తదానిని పాట ద్వారా, తెలిసినదానిని ఆట ద్వారా అందించవచ్చు. బోధనా మాధ్యమం గురించిన నిర్ణయాలు తరగతి గది వెలుపల జరుగుతాయి. ఒక వాక్యానికి ఎన్ని చప్పట్లు, ఒక బిడ్డకు ఎన్ని ప్రశ్నలు అన్న నిర్ణయాలు మాత్రం ఉపాధ్యాయుని చేతిలోనే ఉన్నాయి. డి.ఎల్.ఇడి., బి.ఇడి. శిక్షణలో తెలుగు ఛందోజ్ఞానాన్ని, ఆంగ్ల ధ్వనిశాస్త్రాన్ని పక్కపక్కన బోధించడం ఆ నిర్ణయాలకు బలమైన పునాది కాగలదు.