చిన్నబోరు రైఫిల్ పోటీలు

రైఫిల్ అనగానే మనకు యుద్ధమే స్ఫురించును. కాని మేము ప్రస్తావింపబూనినది 5.6 మిల్లీమీటర్ల చిన్నబోరు రైఫిల్. దీని తూటా చవుక, భుజమునకు తగులు తాకిడి స్వల్పము. లక్ష్యము 50 మీటర్ల దూరమున నుండును. నేటి నియమముల ప్రకారము అందు పది పాయింట్ల వలయపు వ్యాసము 10.4 మిల్లీమీటర్లే! ఇచ్చట బలము కంటె నిశ్చలత ముఖ్యము.

1908 లండన్ ఒలింపిక్ క్రీడలలో ఈ పోటీలు తొలిసారి చోటు చేసికొన్నవి. 1909లో ఆరంభమైన డ్యూవర్ ట్రోఫీ పోటీలో వివిధ దేశముల జట్లు ఎవరి నేలపై వారే కాల్చి పాయింట్లు పోల్చుకొనెడివి. సముద్రము దాటకయే అంతర్జాతీయ పోటీ!

బలము ప్రధానము కానిచో స్త్రీ పురుష భేదమేల? 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలు దీనికి బదులు చెప్పినవి. పండుకొని, నిలిచి, మోకరిల్లి 120 గుండ్లు కాల్చు పోటీలో అమెరికా దేశీయులగు మార్గరెట్ మర్డాక్, లానీ బాషమ్ ఇరువురును 1162 పాయింట్లు పొందిరి. లక్ష్యపత్రములను పరిశీలించి, స్వర్ణము బాషమ్‌కు, రజతము మర్డాక్‌కు ఇచ్చిరి. బాషమ్‌కు ఇది రుచింపలేదు. బహుమతి ప్రదాన వేళ ఆమెను తన మెట్టుపైకే చేర్చుకొనెను. ఒలింపిక్ షూటింగ్‌లో పతకము పొందిన తొలి మహిళ ఆమెయే.

1984లో ఈ మూడు భంగిమల పోటీ స్త్రీలకు వేరుగా ఏర్పడినది. అవకాశములు పెరిగినవి, సరిసమానముగ తలపడు వేదిక పోయినది. లాభమో నష్టమో మేము తేల్చజాలము, మన విద్యార్థినులు చర్చింతురుగాక.

2024లో పారిస్‌లో పురుషుల విభాగమున మన స్వప్నిల్ కుసాలే 451.4 పాయింట్లతో కాంస్యము గెలిచెను. 50 మీటర్ల రైఫిల్‌లో భారతదేశమునకు అదియే తొలి ఒలింపిక్ పతకము.