తాబేలు ఖర్చు ఎవరి ఖాతాలో?

ఏటా జనవరి నుంచి మార్చి దాకా విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళకి చచ్చిన తాబేళ్ళు కనిపించడం కొత్త కాదు. రెండడుగుల చిప్ప, నలభై కిలోల దాకా బరువు. చాలావాటి ఒంటిమీద చిన్న గాయం కూడా ఉండదు. కొన్ని వారాలు గడిచేసరికి అదే తీరంలో ఇంకో రకం సందడి. హేచరీలో పొదిగిన పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. అరచేతిలో పట్టే ఆ పిల్లలు అలల వైపు దేకుతుంటే బడిపిల్లలు కేరింతలు కొడతారు, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. రెండూ ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కథే. మన మెప్పంతా రెండోదానికే పోతోంది.

హేచరీ పనేమీ ఆషామాషీ కాదు. తల్లి రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్ళతో మూరెడు లోతు గుంత తీసి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. కాపలా మనిషి తెల్లారేలోగా ఆ చోటు కనిపెట్టాలి. పెట్టిన కొద్ది గంటలకే పిండం గుడ్డు లోపొరకి అతుక్కుంటుంది. ఆపైన గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోవచ్చు. అందుకే ఒక్కోటీ ఏ పక్క పైకి ఉందో ఆ పక్కే పైకి ఉండేలా తీసి, హేచరీలో అంతే లోతున మళ్ళీ పాతిపెడతారు. ఆ తర్వాత 45 నుంచి 60 రోజులు ఎదురుచూపు. పిల్ల ఆడో మగో తేల్చేది కూడా ఇసుక వేడే. సుమారు 30 డిగ్రీలకు తగ్గితే మగవి ఎక్కువ, పెరిగితే ఆడవి ఎక్కువ. ఎండ ముదిరాక పందిరి వెయ్యడం మరిచారంటే ఆ ఏడు మగపిల్లలకి కరువే.

ఇంత శ్రమ పడే బదులు గుడ్లని ఉన్నచోటే ఉంచొచ్చు కదా? ఉంచడానికి విశాఖలో చోటు తగ్గిపోయింది. 1933లో మొదలైన పోర్టు కోసం రెండు పాత ఓడల్ని ముంచి అలలకు అడ్డుకట్ట వేశారు. తర్వాత ఔటర్ హార్బర్ గోడలు లేచాయి. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. గోడలు దాన్ని ఆపేస్తే ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. పోర్టువాళ్ళే డ్రెడ్జర్‌తో ఇసుక తోడి బీచ్‌లో పోయిస్తుంటారు. మిగిలిన ఇసుక మీద బీచ్ రోడ్డు దీపాలు. గుంతలోంచి బయటపడిన పిల్ల వెలుగున్న వైపు నడుస్తుంది. చీకటి తీరంలో వెలుగు సముద్రం వైపు ఉంటుంది, ఇక్కడ హోటళ్ళ వైపు.

పైగా కుక్కలు. గుడ్లు తవ్వి తినే వీధికుక్కని ఏం చెయ్యాలి? జంతు సంక్షేమం కోరేవాళ్ళకి ఒక్కో ప్రాణీ ముఖ్యం, వన్యప్రాణి సంరక్షణ కోరేవాళ్ళకి జాతి నిలవడం ముఖ్యం. ఈ రెండు ధర్మాలూ ఇసుకలో ఎదురెదురు పడతాయి. విశాఖలో 1996లో పుట్టిన వీఎస్‌పీసీఏ సంస్థ కుక్కల బాగోగులూ, తాబేళ్ళ రక్షణా రెండూ నెత్తికెత్తుకుంది. కంచె కట్టిన హేచరీ ఈ తగువుకి దొరికిన రాజీ.

జాతి నిలవాలన్న ఆలోచన మనకి మరీ పాతదేమీ కాదు. విశాఖ అప్పట్లో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1873లో అడవి ఏనుగుల రక్షణకు చట్టం వచ్చింది. ఏనుగు మీద ప్రేమకన్నా ఏనుగుతో సర్కారుకున్న పనే దాని వెనక ఎక్కువ అనిపిస్తుంది. 1936లో భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్ళిన విజయనగరం రాజకుమారుడు విజ్జీ, తాను కొట్టిన పులుల లెక్క వందల్లో చెప్పుకునేవాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ గొప్ప కాస్తా నేరమైంది. ఆ చట్టం మొదటి షెడ్యూల్లో ఆలివ్ రిడ్లేకి ఇప్పుడు పులితో సమానమైన రక్షణ ఉంది.

చట్టం ఉన్నా చావులు ఎందుకు ఆగలేదో తెలియాలంటే ఒక లెక్క చూడాలి. 1987లో డెబొరా క్రౌజ్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే శాస్త్రవేత్తలు అమెరికా తీరంలోని లాగర్‌హెడ్ తాబేళ్ళ జీవితాన్ని దశలుగా విడగొట్టి, ఏ దశలో చావులు తగ్గిస్తే సంఖ్య కోలుకుంటుందో చూశారు. గుడ్లనీ, పసిపిల్లలనీ నూటికి నూరు కాపాడినా క్షీణత ఆగదని తేలింది. ఎదిగినవీ, ఎదగబోతున్నవీ చావకుండా చూడాలి. ఆలివ్ రిడ్లేకీ గుడ్లు పెట్టే వయసు రావడానికి పదేళ్ళకు పైనే పడుతుంది. వెయ్యి పిల్లల్లో ఒకటి అంతదాకా బతుకుతుందని మోటు లెక్క. ఒక తల్లి పోతే, వెయ్యి పిల్లల్ని వదిలిన పండగంతా కలిపి ఆ ఒక్క లోటుకే సరి.

తల్లులు పోయేది ఎక్కువగా ట్రాల్ వలలో. సముద్రపు అడుగుని రాసుకుంటూ గంటల తరబడి ఈడ్చే వల అది. తాబేలుకి మొప్పలు లేవు, గాలి పీల్చుకోవడానికి పైకి రావాల్సిందే. వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. ఒంటిమీద గాయం లేనిది అందుకే. శ్రీకూర్మంలో తాబేలుని దేవుడిగా కొలిచే ప్రాంతం ఇది, దాన్ని చంపాలని ఎవరూ వల వెయ్యరు.

దీనికి విరుగుడు టెడ్. వల మెడ దగ్గర ఏటవాలుగా బిగించే ఇనప ఊచల చట్రం. రొయ్యలు ఊచల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి జారిపోతుంది. దీని మూలరూపం అమెరికాలో జార్జియా రాష్ట్రపు రొయ్యల జాలరి సింకీ బూన్ 1960ల్లో చేసుకున్నది, అదీ జెల్లీ చేపల బెడద వదిలించుకోడానికి! మనకి పనికొచ్చే నమూనాని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసింది.

టెడ్ లేకుండా పట్టిన రొయ్యని కొనబోమని అమెరికా 1996లో ఆసియా దేశాలకు చెప్పింది. భారత్, పాకిస్తాన్, మలేషియా, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. 1998 తీర్పు ఆసక్తికరమైనది. తాబేళ్ళని కాపాడాలన్న ఉద్దేశం సబబే, కానీ కరీబియన్ దేశాలకు మూడేళ్ళ గడువిచ్చి మనకి నాలుగు నెలలే ఇవ్వడం వివక్ష అంది. ధర్మం చెప్పేవాడు అందరికీ ఒకే తూకం వాడాలన్నమాట. టెడ్ వాడట్లేదని 2019 నుంచి మాత్రం మన సముద్రపు రొయ్యకి అమెరికా తలుపు మూసే ఉంది. చెరువుల్లో పెంచిన వనామీ రొయ్యకి ఈ నిషేధం వర్తించదు. అందుకే ఈ దెబ్బ ఎగుమతిదారుకన్నా బోటువాడికే ఎక్కువ తగిలింది.

బోటువాడి అభ్యంతరం ఒకటే. తాబేలు పోయే దారినే పెద్ద చేపా పోతుంది. చట్రం ఖర్చంతా ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఇస్తామంటున్నారు గానీ, జారిపోయిన చేప ధర ఎవరూ ఇవ్వట్లేదు. వేట నిషేధం సంగతి చూడండి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు ఆపి, రాష్ట్రం మత్స్యకార కుటుంబానికి భృతి ఇస్తోంది. 2025లో అది 20,000 రూపాయలైంది. తాబేళ్ళు ఒడ్డుకి చేరే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు ఆ నిషేధంలో లేవు. చేప కోసం జాలరికి డబ్బిచ్చే ప్రభుత్వం తాబేలు కోసం ఇవ్వలేదా? ఆ మూడు నెలలు టెడ్ బిగించి వెళ్ళిన బోటుకి కొంత కట్టివ్వాలి. హార్బర్ దాటాక ఆ చట్రం వలలోనే ఉందో, విప్పి డెక్కు మీద పడేశారో చూడటానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి జీతమూ ఆ పద్దులోనే రాయాలి.