ఎక్కడికి పోదాం?

దొంగాట మొదలుపెట్టే ముందు దొంగ ఎవరో తేలాలి గదా! అందుకు మీరంతా పంటలు వేస్తారు. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కసారిగా ఒక అరచేతి మీద ఇంకో చెయ్యి వేసుకుంటారు. ఇద్దరివి ఒక తీరుగానూ, ఒకరిది వేరే తీరుగానూ పడితే ఆ వేరుగా పడినవాడు పండినట్టు. ఆఖరుకు పండకుండా మిగిలినవాడు దొంగ. ఇందులో ఎవరికీ కోపం రాదు. "నువ్వు నన్ను దొంగను చేశావు," అని అనటానికి అక్కడ ఎవరూ లేరు.

కాని "ఈ ఆదివారం ఎక్కడికి పోదాం?" అనే ప్రశ్నకు పంటలు పనికిరావు. దొంగ కావాలని ఎవరికీ ఉండదు. ఎక్కడికి పోవాలన్న విషయంలో మాత్రం ప్రతివాడికీ ఒక కోరిక ఉంటుంది. పంటలు ఎవరి కోరికనూ అడగవు.

కిందటి వేసవి సెలవుల్లో విజయవాడలో మా ఇంటికి తొమ్మిదిమంది పిల్లలు చేరారు. అందరూ మా తమ్ముళ్ళ పిల్లలే. మొదటి ఆదివారం ఎక్కడికి పోవాలా అని పేచీ వచ్చింది. చేతులెత్తమన్నారు. సినిమాకు 4 చేతులు లేచాయి. పడవ మీద కృష్ణలో ఉన్న భవానీ ద్వీపానికి పోదామని 3 చేతులు. బరాజి దాటి ఉండవల్లి గుహలు చూద్దామని 2 చేతులు. సినిమా గెలిచింది, అందరూ సినిమాకే పోయారు. తిరిగి వచ్చేటప్పుడు నలుగురు పాటలు పాడుకుంటూ వచ్చారు, అయిదుగురు మూతులు ముడుచుకుని వచ్చారు.

ఆ రాత్రి మా పెద్దమ్మాయి నా దగ్గరికి వచ్చింది. అది ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ల చదువు చదువుతున్నది.

"పెదనాన్నా, నలుగురికి ఇష్టమని తొమ్మిదిమందిమీ పోయాం. మిగిలిన అయిదుగురికీ ఆ మూడింటిలోకీ బొత్తిగా ఇష్టంలేనిది సినిమాయేనట! ఇదేం లెక్క?" అని అడిగింది.

"నువ్వే చెప్పు," అన్నాను.

"చెప్పటమెందుకు, యాప్ చేస్తాను," అన్నది.

యాప్ అంటే ఫోనులో ఒక ప్రత్యేకమైన పనికోసం పెట్టుకునే ప్రోగ్రాము. లెక్కలకు ఒకటి, దారి చూపటానికి ఒకటి, ఉత్తరాలకు ఒకటి ఉన్నట్టే, "ఎక్కడికి పోదాం?" అన్నదానికి కూడా ఒకటి ఉండాలని మా అమ్మాయి ఉద్దేశం. దానికి ఇద్దరు తమ్ముళ్ళు తోడయారు. ప్రతివాడూ తన ఫోనులో తన ఇష్టం నొక్కుతాడు. ఆ కబురు ఇంటర్నెట్టు ద్వారా ఎక్కడో ఉన్న ఇంకో కంప్యూటరుకు పోతుంది. అది అన్నిటినీ కూడి, ఫలితాన్ని అందరి ఫోన్లకూ తిప్పి పంపుతుంది. పదిరోజుల్లో అయిపోతుందనుకున్నారు.

కూడటం కంప్యూటరుకు ఒక లెక్కలోది కాదు. ఏది కూడాలో దానికి చెప్పటం దగ్గర ముగ్గురూ చిక్కుకున్నారు.

వాళ్ళు చేసిన మంచిపని ఏమంటే, ముందు పిల్లలందరినీ విడివిడిగా పిలిచి, మూడు చోట్లనూ ఇష్టం వచ్చిన వరసలో రాయమన్నారు. ఆ చీటీలు ఇట్లా ఉన్నాయి. నలుగురు: ముందు సినిమా, తరువాత ఉండవల్లి, ఆఖరున ద్వీపం. ముగ్గురు: ముందు ద్వీపం, తరువాత ఉండవల్లి, ఆఖరున సినిమా. ఇద్దరు: ముందు ఉండవల్లి, తరువాత ద్వీపం, ఆఖరున సినిమా. మీరు కూడా ఒక కాగితం మీద ఇది రాసుకోండి. ఇప్పుడొక విచిత్రం చూడవచ్చు.

మొదటి ఇష్టాన్ని మాత్రమే లెక్కపెడితే సినిమా గెలుస్తుంది. అది మనం చూశాం.

ఇప్పుడు అన్నిటికన్నా తక్కువ వచ్చిన ఉండవల్లిని తీసేసి, దాన్ని కోరిన ఇద్దరినీ, "అది కాకపోతే ఏది?" అని అడుగుదాం. వాళ్ళ రెండో ఇష్టం ద్వీపం. ద్వీపానికి 5, సినిమాకు 4. ద్వీపం గెలిచింది!

ఇంకోవిధంగా లెక్కవేద్దాం. మొదట రాసినదానికి 2 మార్కులు, రెండోదానికి 1, ఆఖరుదానికి సున్న. సినిమాకు నాలుగు రెళ్ళు 8. ద్వీపానికి మూడు రెళ్ళు 6, ఆపైన 2, మొత్తం 8. ఉండవల్లికి 4, 3, మళ్ళీ 4, మొత్తం 11. ఉండవల్లి గెలిచింది!

చీటీలు అవే, పిల్లలు వాళ్ళే. ఎవరి మనసూ మారలేదు. లెక్కపెట్టే తీరు మారేసరికి తొమ్మిదిమందీ మూడు వేరువేరు చోట్లకు పోవలసివచ్చింది. యాప్ చేసేవాడు ఏ లెక్క రాసిపెడితే ఆదివారం ఆ లెక్క ప్రకారం గడుస్తుంది. ఫోను పట్టుకున్న మిగిలినవాళ్ళకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

ఈ చిక్కు మా ఇంట్లో పుట్టింది కాదు. మార్కులు వేసే పద్ధతిని 1770లో ఫ్రాన్సు దేశపు నౌకాదళంలో పనిచేసిన జాన్ షార్ల్ ద బోర్డా అనే గణితశాస్త్రజ్ఞుడు పారిస్‌లోని సైన్సు అకాడమీ ముందు పెట్టాడు. ఆ అకాడమీ తన సభ్యులను ఎన్నుకోవటానికి దాన్ని కొంతకాలం వాడింది కూడా. అయితే ఇందులో ఒక మోసానికి తావున్నది. సినిమా కోరిన నలుగురూ కూడబలుక్కుని, తమ రెండో ఇష్టమైన ఉండవల్లిని కావాలని ఆఖరున రాశారనుకోండి. ఏమవుతుందో మీరే కూడి చూడండి.

ఒకటి తీసేసి రెండో ఇష్టం అడిగే పద్ధతి మనకు మరీ దగ్గరిది. మన దేశంలో రాష్ట్రపతి ఎన్నికకు అదే పద్ధతి. 1969లో జరిగిన ఎన్నికలో ముఖ్యంగా పోటీపడినవారు వి. వి. గిరిగారు, నీలం సంజీవరెడ్డిగారు. ఇద్దరూ తెలుగువారే. ఆ ఎన్నికలో ఓట్లకు విలువలుంటాయి. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548 వచ్చాయి. గిరిగారిది ఎక్కువే అయినా సగానికి మించలేదు. అందుచేత తక్కువ వచ్చినవారిని ఒక్కొక్కరినే తీసేసి, వారి ఓటర్ల తరువాతి ఇష్టాలను కలుపుతూ పోయారు. చివరకు గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 అయాయి. గిరిగారే రాష్ట్రపతి అయారు. కాని దాదాపు 88 వేల తేడా 15 వేల లోపుకు దిగిపోయింది చూడండి! రెండో ఇష్టం అడగటమంటే అంత సంగతి.

బోర్డా కాలంలోనే, అదే అకాడమీలో కొందోర్సే అనే ఇంకొక గణితవేత్త ఉండేవాడు. చోట్లను ఇద్దరిద్దరి చొప్పున కుస్తీకి దించి, అందరినీ ఓడించినదాన్ని ఎన్నుకోవాలని ఆయన వాదం. మా చీటీలలో ఉండవల్లి సినిమాను 5-4తోనూ, ద్వీపాన్ని 6-3తోనూ ఓడిస్తుంది. బాగానే ఉంది. కాని 1785లో అచ్చువేసిన పుస్తకంలో ఆయనే తన పద్ధతికి ఒక గండం ఉన్నదని చూపించాడు. ముగ్గురు పిల్లలున్నారనుకోండి. ఒకడు ఈత, క్రికెట్టు, గాలిపటం అన్న వరసలో రాశాడు. రెండోవాడు క్రికెట్టు, గాలిపటం, ఈత అన్నాడు. మూడోవాడు గాలిపటం, ఈత, క్రికెట్టు అన్నాడు. ఈత క్రికెట్టును ఓడిస్తుంది, క్రికెట్టు గాలిపటాన్ని ఓడిస్తుంది, గాలిపటం తిరిగి ఈతను ఓడిస్తుంది! ముగ్గురిలో ఎవడికీ మతిపోలేదు, ముగ్గురినీ కలిపితే మాత్రం గానుగెద్దులాగా గుండ్రంగా తిరగటమే. పాపం, కొందోర్సే ఫ్రెంచి విప్లవపు అల్లకల్లోలంలో 1794లో చెరసాలలో చనిపోయాడు.

తరువాత 1951లో కెనెత్ ఆరో అనే అమెరికా ఆర్థికశాస్త్రవేత్త దీని అంతు తేల్చాడు. మూడుగాని అంతకన్న ఎక్కువగాని దారులున్నప్పుడు, అందరి వరసలనూ కలిపి ఒక్క వరసగా చేసే పద్ధతి ఏదైనా సరే, న్యాయమని తోచే కొద్దిపాటి నియమాలన్నిటినీ ఎప్పుడూ పాటించలేదని లెక్క కట్టి నిరూపించాడు. ఆయనకు 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది విని మా అమ్మాయి, "అయితే నా యాప్ పుట్టకముందే ఓడిపోయిందా?" అని దిగాలుపడిపోయింది. ఒక రోజంతా ఫోను ముట్టుకోలేదు.

దానికి ధైర్యం చెప్పటానికి నేనొక కథ చెప్పాను. ఇది జెరీ హార్వే అనే అమెరికా ఆచార్యుడు 1974లో రాసినది. టెక్సాస్‌లో కోల్‌మన్ అనే ఊళ్ళో ఒక జులై మధ్యాహ్నం ఆయనా, భార్యా, అత్తమామలూ ఇంట్లో చల్లగా నిమ్మరసం తాగుతూ ఆట ఆడుకుంటున్నారు. బయట 104 డిగ్రీల ఎండ, అంటే మన లెక్కలో 40. ఉన్నట్టుండి మామగారు, "ఆబిలీన్ పోయి భోంచేసివద్దామా?" అన్నారు. ఆబిలీన్ 53 మైళ్ళ దూరం, కారులో చల్లదనం లేదు. కాని భార్య, "బాగుంటుంది," అన్నది. హార్వే, "అత్తగారు వస్తానంటే సరే," అన్నాడు. అత్తగారు, "రాక!" అన్నది. దుమ్ములో, చెమటలో పోయి, రుచీ పచీ లేని భోజనం చేసి, నాలుగు గంటల తరువాత ఈసురోమంటూ ఇల్లు చేరారు. అప్పుడు అసలు సంగతి బయటపడింది. నలుగురిలో ఒక్కరికీ పోవాలని లేదు! మామగారు కూడా, మిగిలినవాళ్ళకు విసుగ్గా ఉన్నదేమోనని ఊరికే అన్నారట.

"దీన్ని ఏ లెక్క బాగుచేస్తుంది?" అని అడిగాను.

మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "లెక్క కాదు పెదనాన్నా, అడిగే తీరు," అన్నది. మర్నాటినుంచి పని మళ్ళీ మొదలయింది.

ఇక్కడ మీరు కూడా నేర్చుకోదగిన ఉపాయం ఒకటి ఉన్నది. యాప్ చేసేవాళ్ళు దాన్ని తిన్నగా కంప్యూటరులో రాయరు. ముందు కాగితం మీద చేస్తారు. వీళ్ళు అట్ట ముక్కలను ఫోనంత కత్తిరించి, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క తెర గీశారు. రెండోవాడు కంప్యూటరు వేషం వేశాడు. ఎవరైనా బొమ్మ మీట నొక్కితే వాడు మాట్లాడకుండా ఆ అట్ట తీసి తరువాతి అట్ట పెడతాడు. నవ్వకూడదు. వాడు రెండుసార్లు నవ్వాడు, అది వేరే సంగతి.

వరసలు రాయమంటే చిన్నవాళ్ళు విసుక్కుంటారని, ప్రతి చోటు పక్కనా "సరే", "వద్దు" అని రెండే మీటలు పెట్టారు. ఎన్నిటికైనా "సరే" అనవచ్చు. 1978లో స్టీవెన్ బ్రామ్స్, పీటర్ ఫిష్‌బర్న్ అనే ఇద్దరు పండితులు ఈ రకం ఓటును గురించి వివరంగా రాశారు. సరదాకు పోయేటప్పుడు, ఒకడు ఎగిరి గంతులేసేదానికన్న ఎక్కువమంది "సరే" అనేదే మేలని నాకూ తోచింది. ఉండవల్లికి 7 "సరే"లు, ద్వీపానికి 5, సినిమాకు 4 వచ్చాయి.

కాని ఆ అట్టలాటలో అంకెలకన్న ముఖ్యమైన విషయాలు తెలిశాయి. ఆరోవాడు తన అన్న ఏది నొక్కుతాడో తొంగిచూసి అదే నొక్కాడు. అందుకని అందరూ నొక్కేదాకా ఎవరి ఓటూ ఎవరికీ కనిపించకూడదని నిర్ణయించారు. అందరికన్న చిన్నదానికి ఏడేళ్ళు, దానికి ఫోను లేదు. అందుకని ఒకే ఫోను చేతులు మారుతూ ఓట్లు తీసుకునే వీలు ఉండాలన్నారు.

ఆ చిన్నది అట్ట పట్టుకుని ఎంతసేపటికీ ఏమీ నొక్కలేదు.

"ఏం, తెలియటం లేదా?" అన్నది పెద్దమ్మాయి.

"తెలుస్తున్నది. నేననుకున్నది ఇందులో లేదు."

"ఏమనుకున్నావు?"

"నానమ్మ కూడా వచ్చే చోటు."

అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఉండవల్లిది నాలుగంతస్తుల గుహ, మెట్లెక్కాలి. సినిమా హాలు చప్పుడుకు మా అమ్మకు తలనొప్పి వస్తుంది. ఎప్పుడు అడిగినా, "మీరు పోయిరండి నాయనా, నాకెందుకు?" అనటం ఆమెకు అలవాటు. అసలు నిజంగా అడిగినవాళ్ళెవరు? నాతో సహా ఎవరూ లేరు. మూడు చోట్లనూ ఎవరు ఎంచారో, ఎందుకు ఎంచారో కూడా ఎవరికీ గుర్తులేదు. లెక్కపెట్టే తీరును గురించి పదిహేను రోజులు కొట్టుకున్నారు గాని, లెక్కకు వచ్చే చోట్లను ఎవరు రాస్తారని ఒక్కరూ అడగలేదు!

అప్పటికప్పుడు ఇంకో అట్ట కత్తిరించారు. దాని మీద ఒక ఖాళీ గడి మాత్రం ఉన్నది. ఓట్లకు ముందు అది అందరి చేతికీ రావాలి, ఎవరేం రాశారో పేరు కనిపించకూడదు. దాన్ని తీసుకుపోయి పదో ఓటరుగా మా అమ్మకు ఇచ్చారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, కొత్త చోటేమీ రాయకుండా, "ఆ ద్వీపానికి పోవటానికి పడవ ఎక్కేచోట మెట్లెన్ని?" అని అడిగింది. "పడవెక్కి నలభై ఏళ్ళయింది," అన్నది.

ఆ ఆదివారం పదిమందీ పడవ ఎక్కారు. ఇద్దరు మనవలు చెరొక చెయ్యీ పట్టుకున్నారు. సినిమా నలుగురూ మొదట గొణిగారు గాని, పడవ కదిలిన తరువాత గొణుగుడు వినిపించలేదు.

యాప్ ఇప్పుడు ఫోనులో పనిచేస్తున్నది. పేరు పెట్టవలసివచ్చినప్పుడు, చేసిన ముగ్గురూ మూడు పేర్లు చెప్పి, వరసలు రాసుకున్నారు. విప్పి చూస్తే కొందోర్సే చెప్పినట్టే మూడూ గుండ్రంగా తిరుగుతున్నాయి! అప్పుడేం చేశారనుకున్నారు? చేతులు కలిపి పంటలు వేశారు. రెండోవాడు పండాడు. వాడు పెట్టిన పేరు నాకేమీ నచ్చలేదు గాని, నన్నెవరూ అడగలేదు.