తెగిన తీగకు బిల్లుంటే భయమెందుకు?

మా మేనల్లుడు వనపర్తిల డిగ్రీ చదువుతుండు. ఆన్‌లైన్ల గిటారు తీగల సెట్టు తెప్పిచ్చుకున్నడు. అన్నిటికన్న సన్నతీగ కట్టి శ్రుతి చేస్తుంటెనే, చివరి పూస కాడ మెలిక ఇప్పుకొని ఊడొచ్చింది. "మూడొందలు పాయె మామా" అని మొకం యాలాడేసిండు. "అడుగురా" అన్న. ఫొటో తీసి అమ్మినోళ్లకు మెసేజ్ పెట్టిండు. "తప్పు మాదే, కొత్త సెట్టు పంపుతున్నం" అని తెల్లారి జవాబొచ్చింది. నాలుగొద్దులకు సెట్టు ఇంటికొచ్చింది.

"దేవుడసుంటోళ్లు మామా" అన్నడు. మంచోళ్లే, కాదన. కానీ అది దయ కాదు, నీ హక్కు.

2019ల చేసిన వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమలుల ఉన్నది. ఆన్‌లైన్ల అమ్మినోడు పాడైన సరుకు వాపస్ తీసుకోనంటే కుదరదు. కంపెనీకి ఫిర్యాదు పెడితే 48 గంటలల్ల అందిందని చెప్పాలె, నెల రోజులల్ల తేల్చాలె. తేల్చకపోతే 1915కు ఫోన్ చెయ్యున్రి, తెలుగుల మాట్లాడొచ్చు. అప్పటికీ ఇనకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. అమ్మినోడు ఢిల్లీల ఉన్నా సరే, మనమున్న జిల్లా కమిషన్‌లనే కేసు ఎయ్యొచ్చు. ఐదు లక్షల దాక కొన్నదానికి ఫీజు లేదు. రెండేండ్ల లోపట ఎయ్యాలె.

అయితే సాక్ష్యం మన చేతుల ఉండాలె. పార్సిల్ ఇప్పేటప్పుడు వీడియో తియ్యున్రి. బిల్లు, ప్యాకెట్ పారెయ్యకున్రి. ఫోన్‌ల లొల్లి పెట్టుకునుడు కాదు, రాతల అడుగున్రి.

మనం గూడ న్యాయంగ ఉండాలె. శ్రుతికి మించి బిగిస్తే ఎంత మంచి తీగైనా తెగుతది. ఏ తీగ కట్టినా ఒక్క కాడనే తెగుతుందంటే, అక్కడ గిటారుకే పదును అంచు ఉండొచ్చు. అసుంటప్పుడు తీగలోణ్ని తిట్టుడు తప్పు.

మూడొందల తీగకు ఇంత కథెందుకంటరా? గద్వాల దిక్కు పత్తి రైతును అడుగున్రి. ఇత్తనం మొలవకపోతే "మా కర్మ" అని ఊకుంటరు. ఇత్తనం కొన్న రైతు గూడ వినియోగదారుడేనని 2012ల సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసుల గెలిచింది మన ఉమ్మడి రాష్ట్రం రైతులే. తెగిన తీగకు అడుగుడు నేర్చిన పిలగాడు, రేపు నాయిన కొన్న ఇత్తనాల బిల్లు గూడ దాచిపెడతడు. మొలవకపోతే అడుగుతడు.