అరకిలో కెమెరా మీకు సరిపోతుందా?

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే ఎనిమిదో స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజీ. మధ్యలో రైలు మారాల్సిన పని లేదు. దిగి నాలుగడుగులు వేస్తే కోఠి, అక్కడే కెమెరా దుకాణాలు. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, సరూర్‌నగర్‌ల నుంచి మొదటి కెమెరా కోసం బయల్దేరే కుటుంబాలకు దారి ఇంత సులువు. దుకాణంలోకి అడుగుపెట్టాకే చిక్కంతా. గాజు బీరువాల్లో అరచేతిలో ఇమిడే మిర్రర్‌లెస్ కెమెరాలు వరసగా ఉంటాయి. అన్నీ ముద్దొస్తాయి. ఏదీ చవక కాదు. వీటిలో మనకు సరిపడేది ఏది? అసలు మనకు కెమెరా అవసరమేనా?

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ వెనక ఏటవాలుగా ఓ అద్దం ఉంటుంది. ఎదుటి దృశ్యాన్ని అది పైకి మళ్లించి కంటికి చూపిస్తుంది. క్లిక్ కొట్టిన ప్రతిసారీ లేచి పడుతుంది. ఆ అద్దాన్ని తీసేసి, దృశ్యాన్ని నేరుగా సెన్సర్ మీద పడేసి, చిన్న తెర మీద చూపించేదే మిర్రర్‌లెస్. 2008లో ఒలింపస్, పానసోనిక్ కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిని ప్రకటించాయి. ఆ ఏడాదే పానసోనిక్ జీ1 వచ్చింది. 2013లో సోనీ ఏ7తో ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ కూడా చిన్న బాడీలోకి చేరింది. కెనాన్, నికాన్ 2018లో తమ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లు తెచ్చాయి.

అద్దం పోయింది కాబట్టి బరువూ పోయిందనుకుంటారు. అది సగమే నిజం. కెనాన్ ఆర్50 బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 375 గ్రాములు, దానితోపాటే వచ్చే 18-45 కిట్ లెన్స్ 130 గ్రాములు. రెండూ కలిస్తే అరకిలో. అదే కంపెనీ 5డీ మార్క్ 4 బాడీ ఒక్కటే 890 గ్రాములు. కానీ ఫుల్ ఫ్రేమ్ కోసం చేసిన 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ పాత డీఎస్‌ఎల్‌ఆర్ మౌంట్ (బాడీకి లెన్స్ బిగించే వలయం)లోనూ, కొత్త మిర్రర్‌లెస్ మౌంట్‌లోనూ 160 గ్రాములే. లెన్స్‌ను చిన్నది చేసేది అద్దం లేకపోవడం కాదు, సెన్సర్ చిన్నదవడం. సంచి బరువు నిజంగా తగ్గాలంటే చూడాల్సింది సెన్సర్ కొలత. ఫుల్ ఫ్రేమ్ 36 × 24 మిల్లీమీటర్లు. సోనీ, నికాన్, ఫుజీల ఏపీఎస్‌-సీ సుమారు 23.5 × 15.6. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13, అంటే వైశాల్యంలో ఫుల్ ఫ్రేమ్‌లో దాదాపు నాలుగో వంతు.

ఈ లెక్క ఎందుకో తెలియాలంటే ఎల్బీనగర్ దాటి వనస్థలిపురం దాకా వెళ్లాలి. అక్కడ మహావీర్ హరిణ వనస్థలి ఉంది. 3,758 ఎకరాల ఈ అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం, 1994 నుంచి జాతీయ ఉద్యానం. కృష్ణజింకలకు పేరు. కొత్త కెమెరా మెడలో వేసుకుని పిల్లలతో వెళ్లారనుకుందాం. 60 మీటర్ల దూరంలో నల్లటి మగ జింక పక్కకు తిరిగి నిలబడింది. ఒంటి పొడవు 1.2 మీటర్లు. ఆర్50 కిట్ లెన్స్‌ను 45 ఎంఎం దాకా లాగినా ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు దాదాపు 30 మీటర్లు. జింక అందులో ఇరవై ఐదో వంతు. ఇంటికొచ్చి చూసుకుంటే గడ్డిలో ఓ చుక్క కనిపిస్తుంది. అదే మైక్రో ఫోర్ థర్డ్స్ బాడీకి 75-300 లెన్స్ తగిలిస్తే ఆ వెడల్పు మూడున్నర మీటర్లకు తగ్గుతుంది, జింక ఫ్రేమ్‌లో మూడో వంతు నిండుతుంది. ఒలింపస్ చేసిన ఆ లెన్స్ బరువు 423 గ్రాములు. ఫుల్ ఫ్రేమ్‌లో ఇంత దగ్గరగా చూడాలంటే 600 ఎంఎం కావాలి. నికాన్ 200-500 కూడా అందుకు కాస్త తక్కువే, అయినా దాని బరువు 2.3 కిలోలు. జింకలు, సరూర్‌నగర్ చెరువు మీది కొంగలు, పగటి ప్రయాణాలు ఇష్టమైనవాళ్లకు చిన్న సెన్సర్ వరమే.

చీకటి పడితే ఈ మాట మారుతుంది. వినాయక నిమజ్జనం రాత్రి సరూర్‌నగర్ కట్ట మీద వెలుతురు తక్కువ, కదలిక ఎక్కువ. చిన్న సెన్సర్‌కు అందే కాంతి తక్కువ కాబట్టి ఫొటోలో గరుకుదనం పెరుగుతుంది. నిజమే. అయితే ఇక్కడా ఎక్కువ దెబ్బ కొట్టేది కిట్ లెన్సే. 18-45 లెన్స్ చివర్లో ఎఫ్6.3కి మించి తెరుచుకోదు. ఎఫ్1.8 లెన్స్ దాని కంటే 12 రెట్ల కాంతిని లోపలికి పంపిస్తుంది. సెన్సర్ల మధ్య తేడా నాలుగు రెట్లు దాటనప్పుడు, లెన్సుల మధ్య తేడా పన్నెండు రెట్లుంది. ఉన్న డబ్బంతా బాడీ మీద పెట్టి కిట్ లెన్స్‌తో సరిపెట్టుకోవడం నష్టపు బేరం. బడ్జెట్‌లో మూడో వంతైనా రెండో లెన్స్ కోసం పక్కన పెట్టుకోవాలి.

పెళ్లి ఫొటోల్నే వృత్తిగా ఎంచుకోవాలనుకునే కుర్రాళ్లు మాత్రం ఆగి ఆలోచించాలి. ముహూర్తాలు చాలావరకు రాత్రివేళవే. జీలకర్ర బెల్లం క్షణాల్లో అయిపోతుంది, తలంబ్రాలు మళ్లీ పోయించలేం. ఆర్50, సోనీ జెడ్‌వీ-ఈ10, ఆఖరికి ఖరీదైన ఏ6700లో కూడా మెమరీ కార్డుకు ఒక్కటే స్లాట్. కార్డు మొరాయిస్తే ఒక కుటుంబం జ్ఞాపకాలు గల్లంతే. మంత్రాల మధ్య టపటపలు వద్దని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఇంకో ఇబ్బంది ఉంది. సెన్సర్ బొమ్మను వరసల వారీగా చదువుతుంది, ఫంక్షన్ హాల్ ఎల్‌ఈడీలు కంటికి తెలియనంత వేగంగా మిణుకుతాయి, ఫొటో నిండా అడ్డచారలు పడతాయి. ఈ పనికి రెండు స్లాట్ల ఫుల్ ఫ్రేమ్ బాడీయే న్యాయం. సోనీ ఏ7 3 అలాంటిదే, బరువు 650 గ్రాములు.

దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు. పాఠాలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకునే మాస్టార్లకు కెమెరా కంటే ముందు కావాల్సింది మంచి మైకు, ఓ లైటు. మాట వినపడకపోతే ఎంత మంచి బొమ్మైనా విద్యార్థి పాఠం మూసేస్తాడు. ఫొటోలన్నీ వాట్సాప్‌కే పరిమితమయ్యే ఇళ్లలోనూ చేతిలో ఉన్న ఫోన్ చాలు.

కొనడానికే నిశ్చయించుకున్నవాళ్లు చూసుకోవాల్సిన చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి. జెడ్‌వీ-ఈ10కి, నికాన్ జెడ్30కి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. మన మే నెల ఎండలో వెనక తెర మీద ఏమీ కనిపించదు. బయట ఎక్కువగా తీసేవాళ్లు వ్యూఫైండర్ ఉన్నదే తీసుకోవాలి. బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ అయిన నికాన్ డీ7500కు ఒక్క చార్జింగ్‌తో 950 ఫొటోలని కంపెనీ లెక్క, సోనీ తొలి ఏ7కు 340. రెండో బ్యాటరీ ఖర్చు కూడా ధరలో కలుపుకోవాలి. వానాకాలంలో లెన్స్‌కు ఫంగస్ పట్టకుండా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచాలి.

సెకండ్ హ్యాండ్ బేరం తగిలితే మౌంట్ పేరు తప్పకుండా అడగాలి. నికాన్ 1 వ్యవస్థ 2011లో మొదలై 2018లో మూతపడింది. కెనాన్ ఈఎఫ్‌-ఎం 2012లో వచ్చి 2023లో ఆగింది. శాంసంగ్ ఎన్‌ఎక్స్ అంతకు ముందే పోయింది. వాటికి కొత్త లెన్సులు రావు. ఇంట్లో పాత నికాన్ ఏఎఫ్‌-డీ లెన్సులుంటే మరో జాగ్రత్త. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ బాడీకి అవి తగులుకుంటాయి గానీ ఆటో ఫోకస్ చేయవు. కెనాన్ ఈఎఫ్ లెన్సులకు ఆ బాధ లేదు, అడాప్టర్‌తో ఆర్ బాడీల మీద చక్కగా పనిచేస్తాయి.

బిల్లు లేకుండా తక్కువకిస్తామనే మాటకు లొంగొద్దు. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరిలోనే 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ 18 మిగుల్చుకోబోతే వారంటీ చేజారుతుంది. అన్నిటికంటే ముందు, కొనాలనుకున్న బాడీని, దానితోపాటు కొనాలనుకున్న రెండో లెన్స్‌ను ఒక ఆదివారం అద్దెకు తీసుకోండి. పొద్దున హరిణ వనస్థలికి, సాయంత్రం బంధువుల ఫంక్షన్‌కు తీసుకెళ్లండి. రాత్రి ఆ ఫొటోల్ని పెద్ద తెర మీద ఇంటిల్లిపాదీ కూర్చుని చూసి, అప్పుడు డబ్బు కట్టండి.